ఒంటరి జంట: ఒంటరి అయితే జంట ఎలా అవుతుంది?

రాయగడ నుంచి ప్రశ్న:
మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి కళాశాలలో రసాయనశాస్త్రాన్ని ఇంగ్లీషులో చదువుతుంది గాని, సందేహం వస్తే ఇంట్లో తెలుగులోనే అడుగుతుంది. పార్వతీపురం నుంచి తెప్పించిన ఇంటర్ పుస్తకంలో, బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ల జతకు వాడిన 'ఒంటరి జంట' అన్న మాట చూసి, ఒంటరి అయితే జంట ఎలా అవుతుందని నిలదీసింది. దీనిని 'బంధరహిత జంట' అంటే తప్పా?

పర్లాకిమిడి నుంచి సమాధానం:
తప్పు కాదండీ, కాని పాత మాటలోనూ వైరుధ్యం లేదు. ఊరి చివర ఒంటరి ఇల్లు ఉందంటే ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారని కాదు, దగ్గరలో మరో ఇల్లు లేదని అర్థం. అలాగే ఈ జంటలో ఎలక్ట్రాన్లు రెండూ ఉన్నాయి, మరో పరమాణువుతో పొత్తు మాత్రం లేదు. రెండు పరమాణువులను కలిపే బంధ జంటను వాటి రెండు కేంద్రకాలు చెరో వైపు లాగుతాయి కనుక అది సన్నగా సాగి ఉంటుంది. ఒంటరి జంటను పట్టి ఉంచేది ఒకే కేంద్రకం కనుక, అరుగు మీద ఒక్కడే కూర్చున్నవాడు కాళ్లు బారజాపుకున్నట్టు అది ఎక్కువ చోటు ఆక్రమించి పక్క జంటలను నెడుతుంది. మీథేన్, అమోనియా, నీరు మూడింటిలోనూ కేంద్ర పరమాణువు చుట్టూ నాలుగేసి జంటలే ఉన్నా, ఒంటరి జంటలు లేని మీథేన్‌లో బంధకోణం (రెండు బంధాల మధ్య కోణం) 109.5°, ఒకటున్న అమోనియాలో 107°, రెండున్న నీటిలో 104.5°. 'బంధరహిత' అన్న మాట ఈ తీరును స్ఫురింపజేయదు, అందుకే నా ఓటు ఒంటరికే.

జాగ్రత్త పడవలసినది 'ఒంటరి ఎలక్ట్రాన్' దగ్గర. దానిని 'జతకూడని ఎలక్ట్రాన్' అనడమే మేలు, ఎందుకంటే దానికీ ఒంటరి జంటకూ ఉన్న భేదం కోణంలోనే కనిపిస్తుంది: జతకూడని ఎలక్ట్రాన్ ఒకటి ఉన్న నైట్రోజన్ డైఆక్సైడ్‌లో కోణం 134° కాగా, మరో ఎలక్ట్రాన్ చేరి ఒంటరి జంట ఏర్పడిన నైట్రైట్ అయాన్‌లో అది సుమారు 115°కి తగ్గుతుంది.

రాయగడ నుంచి:
ధన్యవాదాలు. అమ్మాయి తన నోట్సులో 'ఎస్‌పీ3 సంకరీకరణం జరగడం వల్ల మీథేన్‌కు చతుర్ముఖి ఆకృతి వచ్చింది' అని రాసుకుంది. వాక్యం సరిగానే ఉందా?

పర్లాకిమిడి నుంచి:
వ్యాకరణం సరే, 'జరగడం', 'వల్ల' రెండూ చిక్కు. వరి వంగడాలను సంకరపరచడం పొలంలో నిజంగా జరిగే పని. 1931లో రసాయనవేత్త పౌలింగ్ ప్రతిపాదించిన ఆర్బిటాళ్ల సంకరీకరణం (పరమాణువులో ఎలక్ట్రాన్ల ఉనికిని తెలిపే ఆర్బిటాళ్లను కలపడం, ఎస్‌పీ3 అంటే ఒక ఎస్, మూడు పీ ఆర్బిటాళ్ల కలయిక) మాత్రం మనం కాగితం మీద చేసే లెక్క. ఆకృతిని ముందుగా ఊహించడానికి ఎలక్ట్రాన్ జంటలు ఒకదానినొకటి నెట్టుకుంటాయంటూ 1957లో రసాయనవేత్తలు గిలెస్పీ, నైహోమ్ తీర్చిదిద్దిన వికర్షణ సూత్రం ఉండనే ఉంది, ఆ ఆకృతికి తగిన ఆర్బిటాళ్లను ఆ తరువాత చెబుతాం. ఫాస్ఫీన్‌లోనూ మూడు బంధ జంటలు, ఒక ఒంటరి జంట ఉన్నా కోణం 93.5° మాత్రమే, అక్కడ ఎస్‌పీ3 అని రాసేస్తే 109.5°కి అంత దూరం ఎందుకు జరిగిందో చెప్పలేక తడబడతాం. కనుక 'మీథేన్ చతుర్ముఖి ఆకృతిని బట్టి కార్బన్‌కు ఎస్‌పీ3 సంకరీకరణం చెబుతాం' అని దిద్దమనండి.