కల్యాణి డ్యాం ఒడ్డున రాత్రి గుడారాలు: అనుమతించాలా, వద్దా?

రాతిగుట్ట:
తిరుపతి చుట్టూ కొండలకు కొదవ లేదు, వాటి నడుమ జలాశయాలకూ కొదవ లేదు. రంగంపేట దగ్గర కల్యాణి డ్యాం, పిచ్చాటూరు దగ్గర అరణియార్, తిరుమల మీద కుమారధార, పసుపుధార. రుసుము కట్టి, సొంత గుడారంలో ఒక రాత్రి పడుకోవడానికి వీటిలో ఎక్కడైనా వీలుందా అని విచారిస్తే, అడిగిన చోటల్లా లేదనే చెప్పారు. ఇక మిగిలినవి రెండు దారులు. కర్ణాటకకు వెళ్ళడం, లేదా చెన్నై బృందాల వెనక నాగలాపురం కొండల్లోకి దొంగచాటుగా దూరడం.

నేను అడుగుతున్నది చిన్న ఏర్పాటు. కల్యాణి డ్యాం నీటి అంచుకు బాగా ఎగువన చదును చేసిన స్థలం, ఇరవై గుడారాలు, మరుగుదొడ్లు, ఒక కాపలాదారు, టికెట్టు. దీనిని ఒక వాట్సాప్ బృందంలో పెడితే తిట్టిపోశారు. ఇక్కడైతే ఆలోచించి మాట్లాడతారని వచ్చాను.

మదనపల్లె టమాటా:
ఆలోచించి మాట్లాడేవాళ్ళ కోసం ఇక్కడికి వచ్చారా? పాపం.

మెట్టుదారి:
శ్రీవారి మెట్టు దారిలో ఏళ్ళ తరబడి నడుస్తున్నవాడిగా చెబుతున్నాను, వద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత లాక్కుపోయి చంపింది. అది దీపాలు, దుకాణాలు, జనం ఉన్న మెట్లదారి. ఆ తరువాతే పన్నెండేళ్ళ లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి పంపకూడదన్నారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. మెట్ల మీదే కర్ర పట్టుకుని నడుస్తున్న రోజుల్లో మీరు నీళ్ళ పక్కన గుడ్డ గోడల మధ్య నిద్రపోతామంటున్నారు.

వేసవిలో కొండ మీది వాగులన్నీ ఎండిపోయాక ఆ నీళ్ళకు ఎవరు వస్తారు? దుప్పులు వస్తాయి, వాటి వెనక చిరుత వస్తుంది. ఎలుగుబంట్లు ఎలాగూ ఉన్నాయి. చంద్రగిరి వైపు పొలాల్లోకి ఇప్పుడు ఏనుగులు కూడా దిగుతున్నాయి. మీరు అడుగుతున్న స్థలం ఖాళీగా లేదు.

కొండకింద ఊరు:
టికెట్టు డబ్బు ఎవరికి కడతారు?

రాతిగుట్ట:
మెట్టుదారి గారూ, మాఘ పౌర్ణమికి కుమారధారకూ, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థానికీ వేల మంది అడవిలో నడిచి వెళ్తారు. తుంబురు తీర్థానికి దారి పాపవినాశనం డ్యాం నుంచే మొదలవుతుంది. ఆ పౌర్ణమి నాడు చిరుత సెలవులో ఉంటుందా? భక్తి అయితే అడవి తెరుచుకుంటుంది, ఇష్టం అయితే మూసుకుంటుంది. నా అభ్యంతరం అదే.

మెట్టుదారి:
ఆ తీర్థాల ముక్కోటికి వెళ్ళేవారు పగలు వెళ్తారు, గుంపుగా వెళ్తారు, దారి పొడవునా సిబ్బంది ఉంటారు. మీరు అడిగేది రాత్రి. సరే, చిరుత సంగతి పక్కన పెడదాం. ఒక్కదానికి సూటిగా జవాబివ్వండి. నెగడు వేస్తారా, వేయరా?

రాతిగుట్ట:
వంటకు చిన్న గ్యాస్ పొయ్యి చాలు. చలికాలంలో సిమెంటు గుంతలో, కాపలాదారు ఎదుట నెగడు వేసుకుంటే తప్పేమిటి? జంతువులు కూడా దగ్గరికి రావంటారు.

మెట్టుదారి:
అనుకున్నాను. ఇది పచ్చగా తడిగా ఉండే మలబారు అడవి కాదు. శేషాచలం ఆకురాల్చే ఎండు అడవి. ఫిబ్రవరి దాటితే నేలంతా ఎండుటాకులు, నడుము ఎత్తు బోదగడ్డి. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచినప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని ప్రత్యేకంగా నిషేధించింది. జాతీయ ఉద్యానానికీ అది వర్తిస్తుంది. మీ సిమెంటు గుంతలో నుంచి ఒక నిప్పురవ్వ గాలికి లేస్తే కాపలాదారు దాని వెంట పరుగెత్తుతాడా?

రాతిగుట్ట:
చలికాలం అన్నాను. మీరు మార్చి గురించి చెబుతున్నారు.

మెట్టుదారి:
చలికాలం ఎప్పుడు ముగుస్తుందో టికెట్టు మీద ముద్రిస్తారా?

వార్డు డ్యూటీ:
నర్సుగా పని చేస్తున్నాను, ఒక మాట చెప్పి వెళ్తాను. మీరంతా చిరుత గురించి మాట్లాడుతున్నారు. మా వార్డుకు అడవి నుంచి వచ్చేది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుడుతుంది. వారం పది రోజుల తరువాత జ్వరం, తలనొప్పి. కుట్టిన చోట నల్లగా చెక్కు కట్టిన మచ్చ ఉంటుంది, చంకలోనో గజ్జల్లోనో ఉంటే ఎవరూ చూసుకోరు. డాక్సీసైక్లిన్ త్వరగా మొదలుపెడితే తగ్గిపోతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాల దాకా వెళ్తుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఇది కొత్త కాదు. గుడారం వేసినా వేయకపోయినా గడ్డి మీద నేరుగా పడుకోవద్దు. జ్వరం వస్తే అడవికి వెళ్ళామని డాక్టరుకు చెప్పండి.

పులికాట్ గాలి:
కల్యాణి డ్యాం 1977లో కట్టారు. తిరుపతికీ తిరుమలకూ తాగునీరు అక్కడి నుంచి కూడా వెళ్తుంది. ఇరవై గుడారాల మరుగుదొడ్డి గుంత ఏ వాలులో తవ్వుతారు? వాన పడితే అది ఎటు పోతుంది? నాకు ఈ ఒక్క జవాబు చాలు.

రాతిగుట్ట:
తాగునీటి చెరువుల దగ్గర గుడారాలు వేయించే దేశాలు ఎన్నో ఉన్నాయి. నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో ఉండాలన్నది అడవుల్లో తిరిగేవారు పాటించే పద్ధతి. మరుగుదొడ్డి గుంత అక్కర్లేదు, తొట్టె పెట్టి నింపి కిందికి దించవచ్చు. డ్యాం పక్కనే పోలీసు శిక్షణ కళాశాల ఉంది కదా, వాళ్ళెవరూ మరుగుదొడ్లు వాడడం లేదా?

మదనపల్లె టమాటా:
శిక్షణలో ఉన్న పోలీసులను ఆ ప్రశ్న అడిగి వచ్చి ఇక్కడ చెప్పండి. ఎదురుచూస్తుంటాం.

అక్క నడక:
మా బృందంలో అందరం ఆడవాళ్ళం. అనుమతి, దీపం, కాపలా ఉన్న చోటు కావాలని అడిగేది మాలాంటివాళ్ళే. మగపిల్లలు ఎలాగూ ఎక్కడో ఒక చోట దూరిపోతారు. తలకోనలో గదులున్నాయిగా అంటారు. 270 అడుగుల జలపాతం పక్కన గది తీసుకుని టీవీ చూసి రావడానికి అంత దూరం ఎందుకు?

కొండకింద ఊరు:
మళ్ళీ అడుగుతున్నాను. టికెట్టు డబ్బు ఎవరికి?

మెట్టుదారి:
అక్కా, మీ భద్రత మాట నిజమే. కానీ నెగడు...

రాతిగుట్ట:
నెగడు వదిలేయండి స్వామీ! అసలు నేను ఈ చర్చ ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను. చోటు పేరు అనవసరం. ఒక జలాశయం ఒడ్డున మేం నలుగురం గుడారం వేసుకుని పడుకున్నాం. సీసాలు లేవు, పాటలు లేవు. అర్ధరాత్రి టార్చిలైట్లు మొహాన కొట్టి లేపారు. వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. బైకు తాళాలు లాక్కుని, తెల్లవారాక వచ్చి తీసుకోండి అన్నారు. అక్కడి నుంచి చీకట్లో నడిచి రోడ్డెక్కాం. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళం, చదువుకున్నవాళ్ళం, దొంగల్లా కూర్చున్నాం. అక్కడ అనుమతి అనే కాగితమే ఉండి ఉంటే ఆ రాత్రి జరిగేది కాదు.

కొండకింద ఊరు:
మీ ఫోటో ఒక్క రాత్రి తీశారు. రెండుసార్లు ప్రశ్న అడిగాను, ఎవరూ పలకలేదు, కాబట్టి ఇప్పుడు కాస్త పొడుగ్గా రాస్తాను.

మాది కొండ మొదట్లో ఊరు. మా చిన్నాయన ఆవులు, మేకలు మేపుతాడు. ఆయన తండ్రీ మేపాడు. ఉసిరికాయల కాలంలో ఉసిరికాయలు, ఇంటి కప్పుకు బోదగడ్డి, పొయ్యికి ఎండుకట్టెలు, అన్నీ ఆ వాలులోవే. ఇప్పుడు పశువు హద్దు దాటితే పశువును పట్టుకుంటారు, మనిషి దాటితే మనిషిని పట్టుకుంటారు. మా చిన్నాయన చేతిలో గొడ్డలి చూసి యూనిఫారం వేసుకున్నవాళ్ళు అడిగిన మొదటి మాట, ఎర్రచందనం దుంగ ఎక్కడ దాచావు అని. అది కట్టెలు కొట్టే గొడ్డలి. మధ్యాహ్నం పట్టుకెళ్ళి మర్నాడు వదిలారు. అప్పటి నుంచి ఆయన కొండ వైపు వెళ్ళడు. మేకలు అమ్మేశాం.

ఆయన వెళ్ళకూడని చోటికి మీరు వెళ్తారు, టికెట్టు కొని వెళ్తారు. అందుకే అడిగాను, ఆ డబ్బు ఎవరికి అని.

రాతిగుట్ట:
మీ చిన్నాయనకు జరిగింది బాధాకరమే. కానీ గుడారానికీ మేకకూ పోలిక లేదు. మేక మేసిన చోట మొలక మిగలదు, మేం పొద్దున్నే మడిచి తీసుకుపోతాం. ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. ఎర్రచందనం నరికేవాళ్ళకు దారి చూపించేది ఎవరు? తమిళనాడు నుంచి వచ్చిన కూలీకి కొండలో కాలిబాట ఎలా తెలుస్తుంది?

కొండకింద ఊరు:
తెచ్చుకోవద్దంటూనే తెప్పించే మాట అన్నారు. మీరు ఇక్కడ పుట్టారా, ఉద్యోగానికి వచ్చారా?

రాతిగుట్ట:
పుట్టిన ఊరు చూసి అడవిలోకి రానిస్తారా ఇప్పుడు?

కొండకింద ఊరు:
మమ్మల్ని పుట్టిన ఊరు చూసే ఆపుతున్నారు!

2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలంలో తమిళనాడు నుంచి ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ 20 మందిని పోలీసులు కాల్చి చంపారు. వాళ్ళు కూలీలు. వాళ్ళు చేసింది ఒప్పని నేను అనడం లేదు. రాత్రి అడవిలో కనిపించినవాడు ఎవరో చూసి, ఏం జరగాలన్నది మారిపోతుంది అంటున్నాను. మీకు బైకు తాళం పోయింది.

మదనపల్లె టమాటా:
ఇక నేను జోకులు వేయను.

నిర్వాహకులు:
ఎవరి ఊరినీ, పుట్టుకనూ ప్రస్తావించవద్దు. ఊళ్ళ మీద స్మగ్లింగ్ నింద వేసే మాటలు ఇంకోసారి కనిపిస్తే తొలగిస్తాం. విషయం మీద మాట్లాడండి.

మెట్టుదారి:
విషయం మీదే మాట్లాడుతున్నాను. చట్టం ఏమంటుందో చూద్దాం. ఈ కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానాన్ని 1989లో ప్రకటించారు. ఆ హద్దుల లోపల పశువులను మేపరాదని వన్యప్రాణి చట్టం 35వ సెక్షన్ ఏడవ ఉపసెక్షన్‌లో నేరుగా రాసి ఉంది. మినహాయింపు లేదు, టికెట్టూ లేదు. పర్యాటకానికి మాత్రం 28వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వవచ్చు. కాబట్టి ఉద్యానం లోపలి మాటైతే, రాతిగుట్ట గారి గుడారానికి చట్టంలో ఒక సందు ఉంది, మీ చిన్నాయన గారి మేకకు లేదు. నాకు రెండూ ఇష్టం లేదు, ఉన్నది చెబుతున్నాను.

కొండకింద ఊరు:
చాలా థాంక్స్ సార్. నేను ఇంతసేపు కథగా చెప్పినదాన్ని మీరు సెక్షన్లతో చెప్పారు.

ఉద్యానం బయట ఉన్న రిజర్వు అడవికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. మేత హక్కు అందులో రాసే ఉంది. కానీ మేం గిరిజనులం కాదు. గిరిజనేతరులు అడగాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అడవి మీద ఆధారపడి బతికామని చూపాలి. మా తాత మేకలు మేపినప్పుడు ఎవరు రసీదు ఇచ్చారు? మాకు 75 ఏళ్ళ రుజువు కావాలి. గుడారానికి ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాలు చాలు.

అక్క నడక:
ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి పేరుతో ఊరివాళ్ళే బస నడుపుతారు. వంట వాళ్ళదే, దారి చూపేదీ వాళ్ళే. ఇక్కడా అలా పెడితే?

రాతిగుట్ట:
నేనూ అదే అనబోతున్నాను. స్థలం మీ ఊరి సమితికే ఇవ్వమందాం. టికెట్టు డబ్బు మీకే. కాపలాదారు, వంటవాడు, దారి చూపేవాడు అందరూ మీవాళ్ళే. మీ ప్రశ్నకు ఇదే జవాబు. ఇప్పుడు ఒప్పుకుంటారా?

పులికాట్ గాలి:
మరుగుదొడ్డి తొట్టె ఎవరు మోస్తారో కూడా అప్పుడే తేలిపోయింది.

కొండకింద ఊరు:
పులికాట్ గారు సరిగ్గా పట్టుకున్నారు. నేను దారి అడిగాను, మీరు ఉద్యోగం ఇస్తామంటున్నారు. మా చిన్నాయనకు వంటవాడి పని వద్దు. ఉదయం ఆవులను తోలుకుని వెళ్ళి సాయంత్రం తిరిగి రావాలి, ఎవరూ ఆయన సంచి విప్పి చూడకూడదు. మీ గుడారాలకు గీసే గీత లోపల, మిగతా రోజుల్లో మా పశువులు మేయవచ్చా? వారాంతం మీకు, మిగతా ఐదు రోజులు మాకు. రాసిస్తారా?

మెట్టుదారి:
అడవిలో పశువులు వద్దు, నెగళ్ళూ వద్దు. నా మాట అంతే. వాటి గాలికుంటు రోగం దుప్పులకూ అంటుతుంది.

అక్క నడక:
ఐదు రోజులు, రెండు రోజులు. నాకు న్యాయంగానే ఉంది.

రాతిగుట్ట:
నాకు లేదు. పేడ, ఈగలు, తొక్కిన నేల. శనివారం వచ్చేవాడు దానికి డబ్బు కట్టడు. నేను అడవిని అడవిలా చూడాలనుకుంటున్నాను. మేత బీడులా మారాక దాని మీద గుడారం వేయడం ఎందుకు? రెండింటిలో ఒకటే కుదురుతుందంటే నేను గుడారమే అంటాను. దాచుకోవడం దేనికి.

కొండకింద ఊరు:
మంచిది. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే చిరుత, పురుగు, నెగడు అంటూ ఇంతదూరం వచ్చేవాళ్ళం కాదు. ఇలాంటి స్థలం కోసం ఎప్పుడైనా మా ఊరికి కాగితం వస్తే, మీరు రాసిన ఈ నాలుగు వాక్యాలూ గ్రామసభలో చదివి వినిపిస్తాను. మీ పేరు చెప్పను. ఎలాగూ మీ అసలు పేరు నాకు తెలియదు.