గ్రాంట్ పోయిన పరిశోధకుల జీతాలు యూనివర్సిటీ భరించాలా?

వరంగల్_విహారి
మా డిపార్ట్‌మెంట్‌లో ఏ మీటింగ్ పెట్టినా చివరికి ఈ తగువే తేలుతోంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. 2025 మొదట్నుంచీ అమెరికాలో ఫెడరల్ గ్రాంట్లను గడువు తీరకుండానే రద్దు చేస్తున్నారు. మార్చిలో కొలంబియా యూనివర్సిటీకి 40 కోట్ల డాలర్లు ఆపేశారు, ఏప్రిల్‌లో హార్వర్డ్‌కు 220 కోట్లు. పరిశోధనలు ఆగకుండా ఏడాది పాటు నడపడానికి హార్వర్డ్ సొంత నిధుల్లోంచి 25 కోట్ల డాలర్లు పెడతానంది. కొలంబియా మేలో దాదాపు 180 మందిని తీసేసింది. ఆ గ్రాంట్ల మీద బతికే పోస్ట్‌డాక్‌లను (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబుల్లో పరిశోధన చేసేవాళ్ళు), పీహెచ్‌డీ పిల్లలను, టెక్నీషియన్లను యూనివర్సిటీ తన డబ్బుతో నిలబెట్టాలా? కనీసం ఏడాది నిలబెట్టి తీరాలంటాను. అపాయింట్‌మెంట్ లెటర్ మీద సంతకం వాషింగ్టన్‌ది కాదు, యూనివర్సిటీది.

గోదారోడు_డల్లాస్
ఎందుకు నిలబెట్టాలండీ? ఐటీలో ప్రాజెక్టు పోతే మమ్మల్ని ఎవరు నిలబెడుతున్నారు? సాయంత్రానికల్లా లాప్‌టాప్ అప్పగించి బయటికి రావాల్సిందే. పైగా ఈ యూనివర్సిటీలు ప్రతి గ్రాంట్‌లోనూ ఓవర్‌హెడ్ అంటూ 69 శాతం తీసేసుకుంటాయి. ఇన్నేళ్ళుగా తీసుకున్నదంతా ఏమైంది?

ల్యాబ్_లక్ష్మి
ఆ 69 లెక్క తప్పండీ. అది హార్వర్డ్ రేటు. పరిశోధన ఖర్చుకు వంద డాలర్లిస్తే, దానిపైన ఇంకో 69 ఇస్తారు. మొత్తం 169లో 69 అంటే 41 శాతం. పెద్ద పరికరాలకూ, ట్యూషన్‌కూ అదీ ఇవ్వరు. భవనం కరెంటు, జంతువుల గదికి వెటర్నరీ డాక్టరు, రసాయన వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళు, అందరికీ దాంట్లోంచే. 2025 ఫిబ్రవరిలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఫెడరల్ సంస్థ ఎన్‌ఐహెచ్ ఆ రేటును ఒక్కసారిగా 15కు దించుతానంటే కోర్టు ఆపింది.

సత్తెనపల్లి_సీను
హార్వర్డ్ దగ్గర ఎండోమెంట్, అంటే దాతలిచ్చిన మూలనిధి, 5,000 కోట్ల డాలర్లకు పైగా ఉంది కదా. తీసి ఇవ్వొచ్చుగా.

వరంగల్_విహారి
సీనూ, అందులో దాదాపు 80 శాతం దాతలు ఫలానా పనికే వాడాలని రాసిచ్చింది. ఫలానా స్కాలర్‌షిప్‌కి ఇచ్చిన డబ్బు పోస్ట్‌డాక్ జీతానికి మళ్ళించలేరు. 2025 జులైలో వచ్చిన చట్టంతో ఎండోమెంట్ ఆదాయం మీద పన్ను 1.4 శాతం నుంచి బాగా ధనిక యూనివర్సిటీలకు 8 దాకా పెరిగింది. అయినా హార్వర్డ్ సంగతి వదిలెయ్. మాది స్టేట్ యూనివర్సిటీ. మాకు ఎండోమెంట్ ఉందంటే ఉంది, అంతే.

గోదారోడు_డల్లాస్
41 అనండి, 69 అనండి. తీసుకున్నారా లేదా? అది చెప్పండి ముందు.

ల్యాబ్_లక్ష్మి
తీసుకున్నారు, ఖర్చయింది. ఆ రేటు పెట్టేది ఫెడరల్ ప్రభుత్వంతో కూర్చుని, ఖర్చుల లెక్కలు చూపించి. దాచుకున్నట్టు మాట్లాడతారేంటండీ?

గోదారోడు_డల్లాస్
స్టేడియాలు కట్టింది ఎవరి డబ్బుతో మరి?

ల్యాబ్_లక్ష్మి
స్టేడియం ఎక్కడినుంచి వచ్చింది మధ్యలో! నేను పనిచేసేది మెడికల్ స్కూల్లో, అక్కడ స్టేడియమే లేదు.

కోనసీమ_కుర్రాడు
కోర్టుకెళ్తే గ్రాంట్లు తిరిగొస్తున్నాయిగా?

వరంగల్_విహారి
కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. సెప్టెంబర్ 3న హార్వర్డ్ కేసులో జడ్జి రద్దు చెల్లదన్నారు. అంతకు రెండు వారాల ముందే, ఆగస్టు 21న, వేరే కేసులో సుప్రీంకోర్టు 5-4తో సుమారు 78 కోట్ల డాలర్ల ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల రద్దును ప్రస్తుతానికి అలాగే ఉండనిచ్చింది. డబ్బు కావాలంటే ఇంకో కోర్టుకు వెళ్ళమంది. ఇవన్నీ తేలేసరికి నెలలు పడుతుంది. హెచ్-1బీ వీసా మీదున్న పోస్ట్‌డాక్‌కు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉన్నది 60 రోజులు. ఆ మధ్య కాలానికే యూనివర్సిటీ డబ్బు కావాలంటున్నాను.

గోదారోడు_డల్లాస్
అదే 60 రోజులు మాకూ ఉంది విహారి గారూ. నేనూ ఆ 60 రోజులు లెక్కపెట్టినవాణ్ణే. అప్పుడు ఎవరూ నా కోసం ఫండ్ పెట్టలేదు. పరిశోధకులు పైనుంచి దిగొచ్చారా?

ల్యాబ్_లక్ష్మి
మీకు ల్యాబ్ ఎలా నడుస్తుందో తెలియక అంటున్నారు. రద్దు మెయిల్ వచ్చిన రోజు ఏం జరుగుతుందో చెప్తాను వినండి. మధ్యాహ్నానికల్లా కొనుగోళ్ళ పోర్టల్లో మా అకౌంట్ నంబరు పనిచేయడం మానేసింది. ఎలుకల పంజరాలకు రోజుకింత అని అద్దె కట్టాలి. అది కట్టే గ్రాంటే పోయింది. అందుకని ఒక్కో రకంలో రెండేసి జతలు ఉంచి మిగతావి చంపేయమన్నారు. ముసలితనం మీద ప్రయోగం మాది, రెండేళ్ళ వయసొచ్చిన ఎలుకలు అవి. మళ్ళీ డబ్బొచ్చినా రెండేళ్ళ ఎలుక రావాలంటే రెండేళ్ళూ ఆగాల్సిందే. పంజరాల చీటీల మీద పుట్టిన తేదీలు చూసి ఏది ఉంచాలో, ఏది పోవాలో మార్క్ చేసింది నేనే. మీ ప్రాజెక్టు ఆగితే కోడ్ ఎక్కడికీ పోదు. ఇక్కడ ఏడాది ఆగితే ఐదేళ్ళ పని చెత్తబుట్టలోకి పోతుంది. దీనికీ లేఆఫ్‌కీ పోలికేంటి? తెలియనప్పుడు మాట్లాడకుండా ఉంటే మంచిది.

సత్తెనపల్లి_సీను
అక్కా, కాస్త నెమ్మది.

గోదారోడు_డల్లాస్
తెలియకపోవడమా? సరే, మా ఇంటి సంగతే చెప్తాను. మా ఆవిడ ఇక్కడే బయాలజీలో పీహెచ్‌డీ చేరింది. నాలుగో ఏడు నడుస్తుండగా వాళ్ళ ప్రొఫెసర్ గ్రాంట్ రెన్యువల్ కాలేదు. అప్పుడు ఈ ప్రభుత్వమూ లేదు, ఈ గొడవలూ లేవు. మామూలుగా గడువు అయిపోయింది, కొత్తది రాలేదు. ఆ ప్రొఫెసర్‌కు టెన్యూర్, అంటే పర్మనెంట్ ఉద్యోగం, ఉంది, ఆయన జీతం ఆయనకు వస్తూనే ఉంది. మా ఆవిడను మాత్రం వేరే ల్యాబ్ వెతుక్కోమన్నారు. టీఏ (క్లాసుల్లో టీచింగ్ అసిస్టెంట్ పని) అడిగితే ఆ సెమిస్టర్‌కు లేవన్నారు. చివరికి మాస్టర్స్ పట్టా చేతిలో పెట్టి పంపేశారు. ఆమె శాంపిల్స్ కూడా ఫ్రీజర్లోంచి తీసి పారేశారండీ. అప్పుడు యూనివర్సిటీ ప్రెసిడెంట్ మెయిల్ రాలేదు, ఎమర్జెన్సీ ఫండ్ రాలేదు, మీలాంటివాళ్ళు ఇలా చర్చలూ పెట్టలేదు. ఇప్పుడు పెద్ద పెద్ద ప్రొఫెసర్ల గ్రాంట్లు పోయేసరికి అందరికీ మనుషులు గుర్తొచ్చారు.

కోనసీమ_కుర్రాడు
ఇది మొదటి పోస్ట్‌లోనే చెప్పాల్సింది అన్నా.

ల్యాబ్_లక్ష్మి
చెల్లెలికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ రెండూ ఒకటి కాదు. రెన్యువల్ రాలేదంటే సాటి శాస్త్రవేత్తలు చదివి, స్కోరు వేసి, చాలదన్నారు. మాది మంచి స్కోరుతో ఐదేళ్ళకు ఇచ్చి మూడో ఏట లాక్కున్నారు. మేం చేసిన తప్పేమీ లేదు.

గోదారోడు_డల్లాస్
తప్పు మా ఆవిడదీ కాదు. స్కోరు తక్కువొచ్చింది ప్రొఫెసర్‌కు. అద్దె కట్టలేకపోయింది తను. స్టూడెంట్ వైపు నుంచి చూస్తే ఈ రెంటికీ తేడా ఏంటో చెప్పండి.

వరంగల్_విహారి
అసలు తగువు ఇక్కడుంది, ఇంతసేపూ 69 చుట్టూ తిరిగాం. తేడా ఉందండీ, అది డబ్బులో ఉంది. గ్రాంట్లు రాకపోవడం ప్రతి ఏడూ, ప్రతి డిపార్ట్‌మెంట్‌లో జరిగేదే. అన్నిటికీ ఏడాది జీతం భరించాలంటే మాలాంటి యూనివర్సిటీ కొత్తవాళ్ళను చేర్చుకోవడం మానేస్తుంది. 2025 మార్చిలో మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ పీహెచ్‌డీ ఆఫర్లు ఇచ్చి మరీ వెనక్కి తీసుకుంది. రద్దయిన గ్రాంట్లకు కోర్టులో గెలిచే అవకాశమైనా ఉంది. కాబట్టి తిరిగి నిలబడగల ల్యాబ్‌కు ముందు ఇవ్వాలి.

గోదారోడు_డల్లాస్
చూశారా, మళ్ళీ ల్యాబ్ అన్నారు! మొదటి పోస్ట్‌లో పోస్ట్‌డాక్‌లు, పిల్లలు అన్నారు. లెక్క దగ్గరికి వచ్చేసరికి డబ్బు ల్యాబ్‌కు, అంటే ప్రొఫెసర్ చేతికి. లక్ష్మి గారూ, మీ దగ్గర గ్రాంట్ పోయినవాళ్ళకు యూనివర్సిటీ ఇచ్చే ఎమర్జెన్సీ ఫండ్‌కు అప్లై చేసేది ఎవరు?

ల్యాబ్_లక్ష్మి
ప్రొఫెసరే చేయాలి. కమిటీలో ఉన్నది డిపార్ట్‌మెంట్ హెడ్‌లు. కొత్త గ్రాంట్ వచ్చే సూచనలున్నవాళ్ళకు ముందు ఇచ్చారు. మా ల్యాబ్‌కు వచ్చింది. అందులోంచి పంజరాల అద్దె కట్టాం. టెక్నీషియన్‌ను మాత్రం ఉంచలేకపోయాం.

గోదారోడు_డల్లాస్
నేను అడిగేది అదే. డబ్బు మనిషి పేరు మీద ఇవ్వండి. ప్రొఫెసర్ గ్రాంట్ ఎలా పోయినా సరే, చేర్చుకున్న స్టూడెంట్‌ను పట్టా దాకా మోయండి. మోయలేకపోతే తక్కువమందిని చేర్చుకోండి.

వరంగల్_విహారి
ఆ "తక్కువమంది"లో కోత పడేది మన ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకేనండీ. దానికి నేను ఒప్పుకోను.

ల్యాబ్_లక్ష్మి
నేను సగం ఒప్పుకుంటాను. పేరు మీద ఇవ్వడం సబబే. కానీ ఎలుకల అద్దె ఆగితే ఆ స్టూడెంట్‌కు థీసిస్ దేనితో వస్తుంది? రెండూ కావాలి.

విజయవాడ_నాన్న
మా అమ్మాయి వచ్చే ఫాల్‌కు పీహెచ్‌డీకి అప్లై చేస్తోంది. ఇదంతా చదివాక టెన్షన్‌గా ఉంది. ఆఫర్ లెటర్లో ఏం చూసుకోమంటారు?

గోదారోడు_డల్లాస్
ప్రొఫెసర్ గ్రాంట్ ఆగిపోతే టీఏ గానీ ఫెలోషిప్ గానీ డిపార్ట్‌మెంట్ ఇస్తుందా, ఎన్నేళ్ళు ఇస్తుంది, అని అడిగి కాగితం మీద రాయించుకోమనండి సార్. నోటిమాట నమ్మొద్దు.

వరంగల్_విహారి
తప్పకుండా అడగమనండి. కానీ మా డిపార్ట్‌మెంట్‌లో అడిగితే, ఈ ఏడాది ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వరు.