భవానీ ద్వీపంలో సాలెపురుగులు: విద్యార్థులు సేకరించాలా, ఫొటోలతో సరిపెట్టుకోవాలా?

జంతుశాస్త్ర అధ్యాపకురాలు:
విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణానది మధ్యలో ఉన్న భవానీ ద్వీపానికి, ఈ చలికాలంలో మా డిగ్రీ విద్యార్థులను సాలెపురుగుల అధ్యయనం కోసం తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. పొద కింద తెల్లగుడ్డ పట్టి కొమ్మలను కర్రతో తట్టడం, గడ్డిలో వల ఊపడం, రాలిన ఆకులను జల్లించడం నేర్పి, దొరికినవాటిని 70 శాతం ఆల్కహాలులో భద్రపరచి కళాశాల మ్యూజియంలో ఉంచాలన్నది నా ప్రతిపాదన. మా విభాగంలో ఒక సహోద్యోగి దీనికి అభ్యంతరం చెప్పారు. జంతుశాస్త్ర కోర్సులలో డిసెక్షన్లు, అంటే జంతువులను కోసి చూపడం, మానుకోవాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2014లో చెప్పిన తరువాత కూడా పిల్లల చేత ప్రాణులను చంపించడం ఆ నిర్ణయం స్ఫూర్తికి విరుద్ధమనీ, ఫొటోలు చాలుననీ ఆయన అంటున్నారు.

నాకు ఆ మాట రుచించలేదు. చాలా సాలెపురుగుల జాతిని నిర్ధారించాలంటే మగదాని పెడిపాల్పు (నోటి పక్కన చిన్న కాలులా ఉండే అవయవం) చివరి నిర్మాణాన్నీ, ఆడదాని పొట్ట అడుగున ఉండే ఎపిజైను అనే జననాంగ భాగాన్నీ సూక్ష్మదర్శిని కింద చూడక తప్పదు. రంగునూ చారలనూ నమ్ముకుంటే ఒకే జాతిని రెండుగానో, రెండింటిని ఒకటిగానో రాసుకుంటాము. ప్రపంచంలో నమోదైన సాలెపురుగు జాతులు 2022లోనే 50,000 దాటాయి. ఈ లెక్క ఇంత దూరం వచ్చింది సీసాలలోని నమూనాల వల్లనే కదా. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

ఫొటో పరిశీలకుడు:
మేడమ్, మీరు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు. అది డిగ్రీ పిల్లల ఒక్కరోజు పర్యటనకు వర్తిస్తుందా అన్నదే నా సందేహం. మీరే చెప్పిన ఆ అవయవాలు పూర్తిగా ఎదిగిన సాలెపురుగులలోనే ఏర్పడతాయి. కొమ్మలు తట్టినప్పుడు గుడ్డ మీద రాలేవాటిలో ఎక్కువ భాగం ఎదగని పిల్ల సాలెపురుగులే, వాటిని ఆల్కహాలులో వేసినా చాలావాటికి నిపుణుడు కూడా జాతి పేరు చెప్పలేడు. అంటే సీసాలో పడేవాటిలో సగానికి పైగా వృథాగా చచ్చినట్లే. ఆ తరువాతి సంగతి కూడా చూడండి. ఎన్ని కళాశాలల అలమారాలలో మూత సరిగా బిగించని సీసాలలో ఆల్కహాలు ఆవిరైపోయి, పేరూ ఊరూ లేని ఎండు పొట్టలు మిగిలి ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

గూటి మధ్యలో తెల్లని వంకరటింకర పట్టీ అల్లి, కాళ్లను రెండేసిగా జతచేసి కూర్చునే ఆర్జియోపీని, చెట్టు బెరడులో కలిసిపోయి కనిపించే హెర్సీలియాను కనీసం ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) వరకు ఫొటోతోనే గుర్తుపట్టవచ్చు. నీటి అంచున తుంగ ఆకు మీద సన్నని కాళ్లు ముందుకూ వెనక్కూ చాచి, ఆకులో ఆకుగా దాక్కునే టెట్రాగ్నాథాను సీసాలో వేస్తే ఆ దాక్కునే తెలివే విద్యార్థికి కనిపించకుండా పోతుంది.

కృష్ణలంక వాసి:
ఇంత చర్చ అవసరమా అనిపిస్తోంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి ద్వీపం నీట మునిగింది. 2019లోనూ మునిగింది. అంతటి వరద చేయని నష్టం పిల్లలు పట్టుకునే పిడికెడు సాలెపురుగుల వల్ల జరుగుతుందా?

పరిశోధక విద్యార్థి:
వరద వాదనలో కొంత నిజముంది. సాలెపురుగు పిల్లలు దారం వదిలి గాలిలో తేలిపోయి దూరప్రాంతాలకు చేరగలవు కనుక, మునిగిన నేల మళ్లీ నిండడానికి ఎక్కువ కాలం పట్టదు. అయితే అన్ని రకాలకూ ఇది ఒకేలా వర్తించదు. స్టెగోడైఫస్ సరసినోరం వంటి సంఘజీవులు ముళ్లపొదలలో ఒకే పెద్ద గూడు కట్టుకుని గుంపుగా బతుకుతాయి. ఆ కొమ్మను ఒకసారి గట్టిగా తడితే ఒక నమూనా కాదు, కాలనీ మొత్తం గుడ్డ మీద పడుతుంది. నేల మీద తిరిగే తోడేలు సాలెపురుగు తల్లి గుడ్ల సంచిని వెనుక అంటించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటపడ్డాక వీపున మోస్తుంది. దాన్ని సీసాలో వేస్తే ఆ సంతతి కూడా అందులోకే వెళుతుంది. వరద ఎప్పుడో వస్తుందని మనం చేసే నష్టాన్ని లెక్కలోంచి తీసివేయలేము.

సేకరణ విలువకు మన ప్రాంతపు ఉదాహరణే ఒకటి చెబుతాను. గుత్తిలో రైల్వే కలపడిపోలో దొరికిన ఒకే ఒక్క నమూనాను ఆధారం చేసుకుని బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు పోకాక్ 1899లో పోసిలోథీరియా మెటాలికా అనే నీలిరంగు టారాంటులాకు పేరు పెట్టారు. తరువాత శతాబ్దానికి పైగా దాని జాడ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఆ ఒక్క నమూనా లేకపోతే కనిపించినదేమిటో పోల్చుకునే ఆధారమే ఉండేది కాదు. కానీ కథ అక్కడితో ఆగలేదు. దాని అందం చూసి పెంపుడు జంతువుల వ్యాపారులు ఎగబడ్డారు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా ప్రకటించింది, 2019లో ఆ ప్రజాతి మొత్తం, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేరింది. కాబట్టి పట్టుకోవాలా వద్దా అన్నదానికన్నా, పట్టుకున్నది ఎవరి చేతికి చేరుతుందన్నదే ముందు తేలాలి. దొరికిన స్థలం, తేదీ, పద్ధతి పెన్సిలుతో రాసిన చీటీ సీసా లోపల లేకపోతే ఆ నమూనాకు శాస్త్రపరంగా విలువ ఉండదు. నిర్ధారించే నిపుణుడు ముందే ఒప్పుకోకపోయినా, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ వంటి భద్రమైన చోటికి చేర్చే ఏర్పాటు లేకపోయినా సేకరించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అటవీశాఖ విశ్రాంత ఉద్యోగి:
చట్టం విషయంలో ఒక్క మాట. అభయారణ్యాలలోనూ జాతీయ ఉద్యానవనాలలోనూ అనుమతి లేకుండా ఏ వన్యప్రాణినీ పట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. భవానీ ద్వీపం పర్యాటక స్థలం, అభయారణ్యం కాదు. అయినా నిర్వాహకుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. పిల్లల చేతుల్లో సీసాలూ వలలూ చూస్తే కాపలాదారు అడగకుండా ఉండడు, అడగాలి కూడా.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. నా ప్రతిపాదనను ఇలా మారుస్తున్నాను. విద్యార్థులందరూ బతికున్న సాలెపురుగును మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో పెట్టి, పైనుంచీ కిందనుంచీ ఫొటో తీసి, గూటి ఆకారాన్ని నోటుబుక్కులో గీసి, పట్టుకున్న చోటనే వదలాలి. తరగతి మొత్తానికి కలిపి, పూర్తిగా ఎదిగినవాటిలో ఒక్కో రకానికి ఒక మగ, ఒక ఆడ మాత్రమే తీసుకుంటాము. గుడ్ల సంచి ఉన్నవాటినీ, పిల్లలను మోస్తున్నవాటినీ, సంఘజీవుల గూళ్లనూ ముట్టుకోము. చంపడం ఇష్టంలేని విద్యార్థికి మార్కులు తగ్గవు.

ఫొటో పరిశీలకుడు:
ఇది చాలా మెరుగే. అయితే ఒక చిక్కు మిగిలింది మేడమ్. సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప రకం తేలదన్నది మీ మొదటి వాదన. అలాంటప్పుడు ఒక్కో రకానికి ఒక జంట అన్న నియమాన్ని పొద దగ్గర నిలబడి ఎలా పాటిస్తారు? పైకి ఒకేలా కనిపించే రెండు జాతులుంటే ఒకదాన్ని వదిలేస్తారు, ఒకే జాతికి చెందిన రెండు రంగులుంటే రెట్టింపు చంపుతారు.

జంతుశాస్త్ర అధ్యాపకురాలు:
నిజమే, పొద దగ్గర జాతి తేలదు. కుటుంబం వరకు కళ్ల అమరికను బట్టీ, గూటిని బట్టీ భూతద్దంతోనే చెప్పవచ్చు. మగది ఎదిగిందో లేదో పెడిపాల్పు చివర చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఏది సీసాలోకి వెళ్లాలో విద్యార్థి కాకుండా నేనే నిర్ణయిస్తాను. అలా చేస్తే కొన్ని జాతులు మా జాబితాలోకి రాకుండా పోతాయి. ఒక డిగ్రీ తరగతి జాబితాకు ఆ లోటు ఉన్నా ఫరవాలేదు. మా సహోద్యోగి మాత్రం ఆ జంట కూడా వద్దనే అంటున్నారు. పర్యటనకు ఆయన కూడా వస్తున్నారు, ఫొటోల బాధ్యత ఆయనదే.