శిలువ దింపుడు బొమ్మ: అందరూ ఏడుస్తున్నారు, బాధ కనపడటం లేదు

ప్రశ్న:
నరసాపురం దగ్గర చర్చికి ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు కాన్వాస్ మీద, క్రీస్తును శిలువ నుంచి దించే ఘట్టం ఆయిల్ రంగుల్లో వేస్తున్నామండి. బరోక్ పద్ధతిలో (పదిహేడో శతాబ్దపు యూరప్ శైలి, వెలుగునీడల తేడా గట్టిగా ఉంటుంది) కావాలన్నారు. ఏడుగురు మనుషులు, అందరి కళ్ళల్లో నీళ్ళు. అయినా పెళ్ళి గ్రూపు ఫొటోలా ఉంది. వెనకాల వేసిన నలుపు మీద పగుళ్ళు కూడా వచ్చాయి.

జవాబు 1:
తప్పు మొహాల్లో కాదండి, నడుముల్లో ఉంటుంది. వడ్ల బస్తా ఎత్తేవాళ్ళ నడుములు చూసి గీయండి, శవం బరువు తెలుస్తుంది. ఇటలీ చిత్రకారుడు కరవాజియో వేసిన సమాధి ఘట్టంలో (1603–04) శవాన్ని మోసే నీకొదేము క్రీస్తు మోకాళ్ళ కింద చేతులు బిగించి వంగిపోయాడు, క్రీస్తు కుడిచెయ్యి జారి రాతిని తాకుతోంది. పైన కుడి మూల ఒకావిడ ఎత్తిన చేతుల దగ్గర మొదలైన చూపు మెట్టుమెట్టుగా ఆ చేతి దాకా దిగుతుంది. బయటపడి ఏడ్చేది ఆవిడొక్కతే. మగ్దలేనే మరియ తల వంచేసింది. ఏడుగురిదీ ఒకే ఏడుపైతే ఎవరిదీ వినపడదు.

జవాబు 2:
ముందు ఆరంగుళాలు × నాలుగంగుళాల కాగితం మీద మూడే ఛాయల్లో వేసుకోండి: ముదురు, మధ్యరకం, వెలుగు. కళ్ళు సగం మూసి చూస్తే ఒక్క ఏటవాలు తెల్ల మచ్చే కనపడాలి. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో చిత్రకారుడు రూబెన్స్ వేసిన శిలువ దింపుడులో (1612–14) ఆ పని చేసేది శవాన్ని దించే తెల్ల గుడ్డ. పైనున్నవాడు దాన్ని పళ్ళతో కూడా పట్టుకున్నాడు! ఇంతకీ చర్చిలో కిటికీ ఏ పక్కనుంది? రోమ్‌లో కరవాజియో వేసిన ‘మత్తయి పిలుపు’ బొమ్మలో వెలుగు వచ్చేది ఆ గది అసలు కిటికీ వైపు నుంచే.

జవాబు 3:
పగుళ్ళ సంగతి. ఐవరీ బ్లాక్ అనే నల్లరంగు నూనె ఎక్కువ తాగుతుంది, ఆలస్యంగా ఆరుతుంది. పైన త్వరగా ఆరే రంగు వేస్తే పై పొర ముందు బిగిసి చీలుతుంది. పగిలినచోట మళ్ళీ పూయొద్దు, గీకెయ్యండి. అడుగున బర్న్ట్ అంబర్‌ను (ముదురు గోధుమరంగు) టర్పెంటైన్‌తో పల్చగా వేసి, నలుపు కావలసినచోట అందులోనే కాస్త అల్ట్రామెరీన్ నీలం కలపండి. మన డెల్టా వానాకాలంలో తేదీలు నమ్ముకోకండి, గోరు దిగనప్పుడే తర్వాతి పొర. తగిలించేటప్పుడు వెనక అంగుళం మందం చెక్కముక్కలు పెట్టండి, గోడ చెమ్మ తగలదు.

అడిగినవారు:
కిటికీ కుడిపక్కనుందండి. మేం వెలుగు ఎడమ నుంచి వేశాం. ట్రేసింగ్ తిరగేసి దించితే సరిపోతుందా?

జవాబు 2:
ఆయ్, సరిపోతుంది. కానీ క్రీస్తు ఈటె గాయం కూడా ఎడమ డొక్కలోకి పోతుంది. ఆనవాయితీగా అది కుడివైపు. ఆ ఒక్కటీ చేత్తో మార్చుకోండి.