డిస్పోజబుల్ వేప్‌లో మాడు రుచి: బాగుచేసుకోవాలా, పారేయాలా?

మాంచెస్టర్ చలి:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు రోజుకు ఎనిమిది సిగరెట్లు కాల్చేవాణ్ణి. చదువు కోసం ఇక్కడికి వచ్చాక వాటి ధర భరించలేక వేప్‌కు, అంటే నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్‌కు మారాను. ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి నిషేధించారు కదా, అంతకు కొద్ది రోజుల ముందు దుకాణంలో తక్కువ ధరకు ఇస్తుంటే కొన్ని కొని దాచుకున్నాను. ఇంకా మూడు మిగిలాయి. వాటిలో ఒకటి నిన్న రాత్రి నుంచి మాడు రుచి ఇస్తోంది. డబ్బా మీద 600 దమ్ములని రాసి ఉంది, నేను తెరిచి రెండు రోజులు కూడా కాలేదు, లైటు సరిగానే వెలుగుతోంది. కాసేపు పక్కన పెడితే సర్దుకుంటుందని నాతో ఉండే మిత్రుడు అంటున్నాడు. మూత ఊడదీసి నాలుగు చుక్కల జ్యూస్ (వేప్ ద్రవం) పోయమని ఇంకొకరు చెప్పారు. ఇందులో తప్పు నాదా, వస్తువుదా? బాగుచేసుకోవచ్చా, పారేయాలా?

గోదావరి గట్టు:
తమ్ముడూ, నా అభిప్రాయంలో తప్పు ఎక్కువగా వాడే పద్ధతిలోనే ఉంటుంది. లోపల ఉన్నది మన దేవుడి గదిలో ఉండే ఏర్పాటే అనుకోండి: ద్రవంలో నానిన ఒత్తి, దానిని తాకుతూ వేడెక్కే తీగ. ప్రమిదలో నూనె ఉన్నంతసేపూ కాలేది నూనె, నూనె అందకపోతే కాలేది ఒత్తి. వేప్‌లోనూ తీగ చుట్టూ ఉన్న దూది ఒక దమ్ముకు ఆరిపోతుంది, చుట్టుపక్కల దూదిలోని ద్రవం నెమ్మదిగా అక్కడికి పాకాలి. ఆ పాకడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మీరు బస్టాపులో నిలబడి ఒకదాని వెంట ఒకటి అయిదారు దమ్ములు లాగితే ఆ సమయం దానికి దొరకదు. పైగా మీరున్నది మాంచెస్టర్. ఈ ద్రవంలోని గ్లిజరిన్ చలికి చిక్కబడుతుంది, జనవరిలో కోటు బయటి జేబులో పెట్టుకున్న వేప్‌లో అది ఇంకా నెమ్మదిగా పాకుతుంది. లోపలి జేబులో పెట్టుకోండి, ఇప్పుడు పావుగంట ఆపండి, ఆ తరువాత రెండు సెకన్లకు మించని చిన్న దమ్ము లాగి, మళ్ళీ అర నిమిషం ఆగండి. నాకు చాలాసార్లు దీనితోనే సరిపోయింది. పొగ తగ్గి, లైటు మిణుకుమిణుకుమంటే అది బ్యాటరీ అయిపోవడం, లైటు బాగుండి మాడు రుచి వస్తే అది ఒత్తి ఎండడం. మీది రెండవదే.

సర్క్యూట్ బోర్డు:
గోదావరి గట్టు గారు చెప్పిన కారణం సరైనదే కానీ, నేరం వాడేవాడి మీద వేయడం నాకు సమ్మతం కాదు. నేను ఎలక్ట్రానిక్స్ మరమ్మతు పనిలో ఉన్నాను. మాడు రుచి వస్తోందని ఒక మిత్రుడు పారేయబోయిన వేప్‌ను నా పనిబల్ల మీద విప్పి చూశాను. చిటికెన వేలంత దూది చుట్ట, దాని నడుమ సన్నని గొట్టం, ఆ గొట్టంలో తీగ. చుట్టను పొడవునా చీల్చితే, తీగను ఆనుకున్న చోట బియ్యపు గింజంత మేర నల్లగా బొగ్గులా అయిపోయి ఉంది, దాని చుట్టూ టీ డికాషన్ రంగు, అంచుల్లో మాత్రం దూది తెల్లగా, వేలికి జిగురు అంటేంత తడిగా ఉంది. అంటే అతను డబ్బిచ్చి కొన్న ద్రవం ఇంకా లోపలే ఉంది, కానీ అవసరమైన చోటికి అది చేరడం లేదు. ఇది వాడకపు లోపమా, తయారీ లోపమా?

ఇంకొక మాట. ఈ ద్రవాల్లో తీపి కోసం సుక్రలోజ్ వంటివి కలుపుతారు. పాకం మూకుడుకు పట్టినట్టు అది తీగకు పట్టి మాడుతుంది, దూదికి ఎంత విశ్రాంతి ఇచ్చినా ఆ పొర పోదు. ఒకసారి బొగ్గయిన దూది కూడా మళ్ళీ తెల్లబడదు. కాబట్టి పావుగంట ఆపడం అనేది ఎండబోతున్న ఒత్తికి పనికివస్తుంది, మాడిపోయిన ఒత్తికి కాదు. మూత ఊడదీసి జ్యూస్ పోయడం అసలు వద్దు. ఆ దూదికి అంగుళం దూరంలో లిథియం బ్యాటరీ ఉంటుంది, దాన్ని పొడిచినా, వంచినా, ద్రవం తగిలి షార్టయినా నిప్పు పుడుతుంది. ఛార్జింగ్ కేబుల్ తీగలు ఒలిచి దీనికి కలిపే వీడియోలు కూడా తిరుగుతున్నాయి, దయచేసి వాటి జోలికి పోకండి.

మందుల షాపు:
నేను ఇక్కడ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. తప్పు ఎవరిదన్న వాదన కన్నా ముఖ్యమైనది ఒకటి ఉందని నమ్ముతూ కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్తలు 2015 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ ప్రచురించారు. వేప్‌ను 3.3 వోల్టుల వద్ద నడిపినప్పుడు కనబడని ఫార్మాల్డిహైడ్ సంబంధిత పదార్థాలు 5 వోల్టుల వద్ద కనబడ్డాయని అందులో చెప్పారు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉన్నది. దానికి గ్రీసు దేశపు హృద్రోగ వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సలినోస్, ఆయన సహచరులు అదే ఏడాది అడిక్షన్ పత్రికలో జవాబిచ్చారు. అనుభవమున్న వాడకందార్లతో పరీక్ష చేయించి, ఒత్తి ఎండి మాడు రుచి వచ్చే స్థితిలోనే ఫార్మాల్డిహైడ్, దాని కోవకు చెందిన ఆల్డిహైడ్లు ఎన్నో రెట్లు పెరుగుతున్నాయనీ, ఆ రుచి భరించలేనిది గనుక మామూలుగా ఎవరూ ఆ స్థితిలో పీల్చరనీ వాదించారు.

ఈ జవాబును వేప్ పక్షం వారు తరచూ ఉదహరిస్తారు, అందులో బలం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ వాదన మొత్తం నిలబడింది "రుచి మాడగానే మనిషి ఆపేస్తాడు" అన్న ఒక్క ఊహ మీదే. డబ్బు పెట్టి కొన్నాం కదా అని ఆ రుచిని ఓర్చుకుని లాగేవాడికి ఆ రక్షణ వర్తించదు. మూకుడులో నూనె మాడినప్పుడు కళ్ళు మండించి, గొంతు పట్టేసే ఘాటు పొగ వస్తుంది, అందులో ఆక్రోలిన్ అనే మంట పుట్టించే రసాయనం ఉంటుంది. గ్లిజరిన్ అతిగా వేడెక్కినా అదే పుడుతుంది. వంటింట్లో ఆ పొగ వస్తే స్టవ్ కట్టేసి కిటికీ తెరుస్తాం. ఇక్కడ దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చి, ఇంకో నాలుగు దమ్ములు వస్తాయేమో చూద్దామనుకుంటున్నాం. అందువల్ల నా మాట ఇది: మొదటి మాడు రుచికే ఆపండి, ఆపి చూశాక రెండవసారి వస్తే ఇక దాన్ని నోట పెట్టకండి.

గోదావరి గట్టు:
మందుల షాపు గారూ, రెండవసారి వస్తే పారేయాలన్న దానికి నేనూ ఒప్పుకుంటున్నాను, అంత స్పష్టంగా నా మొదటి జవాబులో రాయకపోవడం నా పొరపాటు. అయితే ఒక ఆందోళన ఉంది. ఇలా భయపెడితే ఈ అబ్బాయి రేపు మళ్ళీ సిగరెట్ పెట్టె కొంటాడు. నేను ఇరవై ఏళ్ళు కాల్చి మానినవాణ్ణి. మానిన మొదటి నెలల్లో చేతిలో ఏదీ లేని సాయంత్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మందుల షాపు:
మీ ఆందోళన న్యాయమైనది, సిగరెట్‌కు తిరిగి వెళ్ళడం అన్నింటికన్నా చెడ్డ దారి. అందుకే చేతిలో ఏదీ లేకుండా చేయమని నేను అనడం లేదు. ద్రవం నింపుకునే, కాయిల్ (ఒత్తితో కూడిన వేడెక్కే తీగ) మార్చుకునే పరికరం చట్టబద్ధంగానే దొరుకుతుంది, దాంట్లో మాడు రుచి వస్తే కాయిల్ ఒక్కటి మార్చి, కొత్త కాయిల్ మీద కొన్ని చుక్కలు వేసి పది నిమిషాలు నాననిస్తే సరిపోతుంది. మానేయాలనుకుంటే నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్ ఉన్నాయి, పొగ మాన్పించే స్థానిక సేవలో ఉచితంగా సలహా ఇస్తారు. సిగరెట్ అలవాటు లేనివారు మాత్రం వీటిలో ఏదీ మొదలుపెట్టనవసరం లేదు.

తిరుగు ప్రయాణం:
సంక్రాంతికి ఇంటికి వెళ్ళేవారు ఇది గమనించండి. మిగిలిన వేప్‌లను సూట్‌కేసులో వేసుకుని శంషాబాద్‌లో దిగకండి. 2019 నాటి చట్టం ప్రకారం భారతదేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషిద్ధం. మొదటి నేరానికే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

సర్క్యూట్ బోర్డు:
పారేయడం అంటే మామూలు చెత్తబుట్ట కాదని కూడా కలుపుతున్నాను. చెత్త లారీలో నలిగినప్పుడు ఈ బ్యాటరీలు అంటుకుంటున్నాయి. వేప్‌లు అమ్మే దుకాణం పాతవాటిని తిరిగి తీసుకోవాలి, నిషేధం వచ్చినా ఆ బాధ్యత పోలేదు.

మాంచెస్టర్ చలి:
అందరికీ కృతజ్ఞతలు. గట్టు గారు చెప్పినట్టు దాన్ని రాత్రంతా హీటర్‌కు దూరంగా, గది వెచ్చదనంలో ఉంచి, ఉదయం ఒక చిన్న దమ్ము లాగి చూశాను. మొదటిది బాగానే ఉంది. నిమిషం ఆగి లాగిన రెండవదానికి గొంతులో అదే మాడు, కళ్ళలో నీళ్ళు. ఇంకా లోపల ద్రవం ఉందని తెలిసి కూడా ఆపేశాను. తెరవని రెండింటినీ దానితో కలిపి ఒక కవరులో పెట్టాను. సాయంత్రం పనికి వెళ్ళే దారిలో దుకాణంలో ఇచ్చి, కాయిల్ మార్చే రకం ధర కనుక్కుని వస్తాను. సోమవారం పొగ మాన్పించే కేంద్రానికి ఫోన్ చేయాలనుకుంటున్నాను. అక్కడ ఏమేమి అడుగుతారో మందుల షాపు గారు చెప్పగలిగితే ముందే రాసి పెట్టుకుంటాను.