అప్‌డేట్: ఆటోక్యాడ్ ప్లాన్ ప్రింట్‌లో స్కేల్ కుదిరింది

ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) మిల్లీమీటర్లలో గీసిన ఇంటి ప్లాన్ ఏ3 మీద 1:100కి రావట్లేదని, పసుపు గీతలు కాగితం మీద కనపడట్లేదని అడిగాను కదా, రెండూ తేలాయి. మీరు చెప్పినట్టే మోడల్‌లోంచి (ప్లాన్ గీసే చోటు) కాకుండా లేఅవుట్‌లోంచి (ప్రింట్ కోసం పేజీ అమర్చుకునే చోటు) ప్రింట్ తీశాను. వ్యూపోర్ట్‌కి (ఆ పేజీలో ప్లాన్ కనిపించే ఫ్రేమ్) 1:100 పెట్టి లాక్ చేసి, ప్లాట్ (ప్రింట్) బాక్సులో ‘ఫిట్ టు పేపర్’ టిక్ తీసేసి 1:1 ఇచ్చి, ప్లాట్ స్టైల్‌లో మోనోక్రోమ్ సీటీబీ (ఏ రంగు గీత ఎలా ప్రింట్ కావాలో చెప్పే ఫైల్) ఎంచుకుంటే రంగు గీతలన్నీ నల్లగా వచ్చేశాయి. అయినా స్కేలు పెట్టి కొలిస్తే 9 మీటర్ల గోడ 90 మిల్లీమీటర్లు లేదు, కాస్త తక్కువే. చూస్తే జిరాక్స్ షాపులో పీడీఎఫ్‌ని ‘ఫిట్’లో కొడుతున్నారు! ‘యాక్చువల్ సైజ్’ పెట్టమన్నాక సరిగ్గా 90. గోడలకి 0.5, ఫర్నిచర్‌కి 0.13 మిల్లీమీటర్ల లైన్‌వెయిట్ (గీత మందం) ఇచ్చాక ప్లాన్ చదవడానికీ బాగుంది. డ్యాష్ గీతలు మాత్రం ఇంకా గ్యాప్ లేకుండానే పడుతున్నాయి, ఎల్‌టీస్కేల్ (డ్యాష్‌లు, గ్యాప్‌ల సైజు మార్చే సెట్టింగ్) ఎంత పెట్టాలో ఎవరైనా చెప్పండి.