నైట్ డ్యూటీలో సీనియర్‌ని ఎప్పుడు లేపాలి, ఎప్పుడు లేపకూడదు?

నాలుగో_నెల_రెసిడెంట్:
ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీలో చేరి నాలుగో నెల. రాత్రిపూట వార్డుకి ముందు నేనే, నా పైన ఒక సీనియర్, ఆ పైన కన్సల్టెంట్ ఫోన్‌లో. పోయిన వారం జరిగింది చెప్తా, ఎవరైనా సూటిగా సమాధానం చెప్పండి.

రాత్రి రెండున్నరకి సిస్టర్ ఫోన్ చేసి "పదకొండో బెడ్ ఆయన ఆయాసంగా ఉందంటున్నాడు డాక్టర్" అంది. యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో చేరిన షుగర్ పేషెంట్, రెండ్రోజులుగా సరిగ్గా తినట్లేదు. వెళ్ళి చూశా, ఆక్సిజన్ సాచురేషన్ 97, బీపీ 104/70, చెస్ట్ క్లియర్, షుగర్ 190. చార్ట్‌లో రెస్పిరేటరీ రేట్ (నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తున్నాడో) 20 అని రాసుంది. కంగారు పడుతున్నాడేమో అనుకుని బెడ్ తలవైపు ఎత్తించి వచ్చేశా. నిజం చెప్పాలంటే ఒకసారి ఫోన్ చేతిలోకి తీసుకున్నా కూడా, కానీ అంతకు రెండ్రోజుల ముందే ఒకరికి పొటాషియం కొంచెం తక్కువగా 3.3 ఉందని అదే సీనియర్‌ని లేపితే "దీనిక్కూడా లేపాలా" అన్నారు, అది గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టేశా.

పొద్దున ఆరింటికి బ్లడ్ తీద్దామని వెళ్తే మనిషి మత్తుగా ఉన్నాడు. లెక్కపెడితే నిమిషానికి 36. ఏబీజీలో (ధమని రక్తం పరీక్ష) పీహెచ్ 7.11, బైకార్బొనేట్ 7, అంటే రక్తంలో యాసిడ్ బాగా పెరిగిపోయింది, కీటోన్స్ పాజిటివ్. ఇంట్లో వాడే మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర ఉంది. అడ్మిషన్ నోట్‌లో నేనే నా చేత్తో రాశా, ఆపమని మాత్రం రాయలేదు. ఐసీయూకి పంపాం, బతికాడు, నిన్న వార్డుకి తిరిగొచ్చి నన్ను చూసి దణ్ణం పెట్టాడు. ఎటు పారిపోవాలో తెలీలేదు.

అసలు ఎప్పుడు లేపాలన్నదానికి ఏదైనా లెక్క ఉందా, లేక తిట్లు తిని తిని నేర్చుకోవాల్సిందేనా?

పాత_స్టెతస్కోప్:
ముందు ఒక మాట, ఈ కేసు నీ ఒక్కడి తప్పు కాదు. ఆ రకం మందుల మీద ఉన్నవాళ్ళకి షుగర్ పెద్దగా పెరక్కుండానే కీటోఅసిడోసిస్ (కీటోన్స్ పేరుకుని రక్తం యాసిడ్ అవ్వడం) వస్తుంది, 190 చూసి అందరూ నీలాగే మోసపోతారు. ఒంట్లో బాగోలేక తిండి తగ్గినవాళ్ళకి అడ్మిషన్ రోజే ఆ మాత్ర ఆపేయాలి. ఆపినా పని చేయడం వెంటనే ఆగదు కాబట్టి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఏది చెప్పినా షుగర్ ఎంతున్నా కీటోన్స్ పంపాలి. ఆ మందుల షీట్ పొద్దున రౌండ్స్‌లో మీ పైవాళ్ళు కూడా చూసే ఉంటారు కదా, వాళ్ళెవరికీ కనపడలేదా?

ఇక ఆ 20 సంగతి. ప్రపంచంలో ఏ వార్డు చార్ట్ తీసినా రెస్పిరేటరీ రేట్ 18, 20, 20, 18 అని వరసగా ఉంటుంది. ఎవరూ లెక్కపెట్టరు. చార్ట్ నమ్మకు. పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, కళ్ళు పొట్ట మీద పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టు, లెక్కపెడుతున్నావని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది. నీ పేషెంట్‌కి సాచురేషన్ 97 ఎందుకుందంటే ఊపిరితిత్తులు బానే ఉన్నాయి, యాసిడ్‌ని బయటికి తోలడానికి అంత లోతుగా పీలుస్తున్నాడు. చెస్ట్ క్లియర్‌గా ఉండి ఆయాసం ఉంటే నాకైతే భయం ఇంకా ఎక్కువ.

లెక్క కావాలన్నావు కదా, న్యూస్2 స్కోర్ వాడు, పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని పాయింట్లతో చెప్పేది. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళది, 2012లో మొదటిది, 2017లో సవరించింది. రెస్పిరేటరీ రేట్ 25 లేదా ఎక్కువ, సిస్టోలిక్ బీపీ 90 లేదా తక్కువ, పల్స్ 131 లేదా ఎక్కువ, కొత్తగా వచ్చిన కన్‌ఫ్యూజన్, వీటిలో ఏ ఒక్కటున్నా 3 పాయింట్లు, అంటే అర్జెంటుగా డాక్టర్ చూడాలి. మొత్తం 7 లేదా ఎక్కువైతే ఎమర్జెన్సీ. ఆ రాత్రి నువ్వు లెక్కపెట్టి ఉంటే స్కోరే లేపమని చెప్పేది, నీ ధైర్యంతో పనుండేది కాదు.

బ్లీప్_బాధితురాలు:
స్కోర్ సరే, ఫోన్ ఎలా చేస్తున్నారన్నది కూడా చూసుకోండి. నేనూ ఇప్పుడు ఫోన్ ఎత్తే వైపుకి వచ్చా కాబట్టి చెప్తున్నా, అర్ధరాత్రి ఫోన్ చేసి "మేడమ్, పదేళ్ళుగా షుగర్, అయిదేళ్ళుగా బీపీ, మూడ్రోజుల కింద జ్వరంతో..." అని మొదలెడితే నిద్రమత్తులో నాకు ఒక్క ముక్క ఎక్కదు, విసుగు అక్కడ్నుంచే పుడుతుంది. నాకేం కావాలో మొదటి మాటలో చెప్పండి. "మేడమ్, మీరు రావాలి, పదకొండో బెడ్, రేట్ 34, చెస్ట్ క్లియర్, ఎందుకో అర్థం కావట్లేదు, ఏబీజీ తీస్తున్నా." ఇంతే, అప్పటికే చెప్పులేసుకుంటాను. సలహా చాలనుకుంటే "రానక్కర్లేదు, ఒక డౌట్" అని ముందే అనండి.

"ఎందుకో అర్థం కావట్లేదు" అన్నది సిగ్గుపడే మాట కాదు, నన్ను లేపడానికి అదొక్కటే చాలు. పొటాషియం 3.3 మాత్రం నన్ను లేపినా అదే అనేదాన్నేమో, గుండె పేషెంట్ కాకపోతే, ఈసీజీ బాగుంటే. సారీ.

గళ్ళచొక్కా:
ఇక్కడ అందరూ లేపు లేపు అంటున్నారు గానీ నేను కొంచెం అడ్డం మాట్లాడతా. ప్రతిదానికీ ఫోన్ తీస్తే మూడో ఏడు వచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. ఫోన్ కంటే ముందు చేయాల్సిన పనులు కొన్నుంటాయి. పొటాషియం ప్రమాదకరంగా పెరిగి 7.2 ఉంది, ఈసీజీలో క్యూఆర్‌ఎస్ అనే అల వెడల్పైంది, అంటే గుండెకి దెబ్బ తగులుతోంది అనుకో, సీనియర్ నంబర్ వెతుకుతూ కూర్చోకూడదు, ముందు క్యాల్షియం గ్లూకొనేట్ ఎక్కించాలి. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెని కాపాడుతుంది, అదీ ఓ అరగంటో గంటో. ఆ టైంలో పొటాషియం దించడానికి ఇన్సులిన్ 10 యూనిట్లు, షుగర్ పడిపోకుండా, 25 గ్రాముల డెక్స్‌ట్రోజ్. అప్పుడు ఫోన్.

నేను మునిగింది ఆ తర్వాత. సాయంత్రం ఏడింటికి ఇన్సులిన్ ఇచ్చి ఎనిమిదింటికి డ్యూటీ దిగిపోయా, "పొటాషియం కరెక్ట్ చేశాం" అని తర్వాతి డ్యూటీ వాళ్ళకి హ్యాండోవర్ చెప్పా. గంటగంటకీ షుగర్ చూడమని చెప్పలేదు. కిడ్నీలు పోయిన మనిషికి ఇన్సులిన్ ఎంతసేపు ఒంట్లో ఉంటుందో తెలిసీ చెప్పలేదు. పదిన్నరకి షుగర్ 38కి పడిపోయింది.

పాత_స్టెతస్కోప్:
గళ్ళచొక్కా, నువ్వు చెప్పిందాంట్లోనే మందు కూడా ఉంది. హ్యాండోవర్‌లో ఏం చేశామో అందరం చెప్తాం, ఏమైతే ఏం చేయాలో చెప్పం. ఐ-పాస్ అనే హ్యాండోవర్ పద్ధతిలో దానికి విడిగా ఒక భాగమే ఉంది, చివర్లో విన్నవాడు తిరిగి అప్పజెప్పాలి కూడా. 2014లో తొమ్మిది పీడియాట్రిక్ రెసిడెన్సీ ప్రోగ్రాముల్లో పెట్టి చూస్తే మెడికల్ ఎర్రర్స్ 23 శాతం తగ్గాయి. పదకొండో బెడ్ పక్కన "ఆయాసం అంటే కీటోన్స్, ఏబీజీ, సీనియర్‌కి ఫోన్" అని పగటి వాళ్ళు రాసుంటే ఈ కుర్రాడు ఈ ప్రశ్న అడగాల్సొచ్చేది కాదు.

ఇంకోటి, 1984లో న్యూయార్క్‌లో 18 ఏళ్ళ అమ్మాయి హాస్పిటల్‌లో చనిపోయాక అక్కడ రెసిడెంట్ల డ్యూటీ మీద రూల్స్ వచ్చాయి. అందరికీ వారానికి 80 గంటలే గుర్తుంది. పెద్ద డాక్టర్ల సూపర్‌విజన్ ఇరవైనాలుగ్గంటలూ ఉండాలన్నది కూడా ఆ రూల్స్‌లోనే ఉంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు. కాబట్టి లేపడం నువ్వు అడిగే సాయం కాదు, వాళ్ళ డ్యూటీ.

నాలుగో_నెల_రెసిడెంట్:
అందరికీ థాంక్స్. నిన్న మళ్ళీ నైట్. మూడున్నరకి ఆరో బెడ్ పెద్దాయన గిలగిల్లాడుతున్నాడు, ఎక్కడున్నాడో చెప్పలేకపోతున్నాడు, సాయంత్రం వరకు బానే మాట్లాడాడు. లెక్కపెట్టా, 28. ఫోన్ చేసి మొదటి మాటే "సార్, మీరు రావాలి" అన్నా. అయిదు నిమిషాల్లో వచ్చారు, వచ్చి దుప్పటి తీసి పొత్తికడుపు మీద చెయ్యేసి నా వంక చూశారు. మూత్రం నిండి బ్లాడర్ బొడ్డు దాకా ఉంది. ఫోలే (మూత్రం గొట్టం) వేస్తే 900 ఎంఎల్ వచ్చింది, పది నిమిషాలకి రేట్ 18, నిద్రపోయాడు కూడా.

తిట్టలేదు. "కడుపు కూడా చూడాలి నాయనా" అని గ్లవ్స్ తీసేసి వెళ్ళి పడుకున్నారు.